పనియింటికి ఊపిరి

(ముదిగుబ్బలో పట్టుపురుగులు పెంచు రైతులు, నేతగాండ్రు, వేరుసెనగ మిల్లుల పనివారు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



పగటి పనులు ముగించుకొని, పురుగులకు రాత్రి మేత వేయవలసినవారు సయితము కొంత తీరిక చేసికొని, ఇంతమంది ఇచటికి వచ్చినందులకు మేము మిక్కిలి కృతజ్ఞులము. నేటి ప్రసంగ విషయము కంటికి కానరానిది, వెలయిచ్చి కొనుటకు వీలులేనిది, లేనిచో గడియసేపైన బ్రతుకజాలనిది. అదియే గాలి. పొలమున పనిచేయువానికి గాలిని గూర్చిన చింత లేదు. కప్పు క్రింద, నాలుగు గోడల నడుమ పనిచేయువానికే ఆ చింత. ధర్మవరమున మగ్గము గుంటలో కాళ్ళుంచి కూర్చున్న నేతగాడు, హిందూపురమున పట్టుగూళ్ళను వేడినీట వేసి దారము తీయు స్త్రీ, ముదిగుబ్బ ప్రాంతమున కాయలు కొట్టు యంత్రము చెంత నిలిచిన కూలి, రేకుల షెడ్డులో మల్బరీ ఆకు పరచు రైతు, వీరందరును కప్పు క్రింద పనిచేయువారే. వీరి పనియింటికి గాలి వచ్చు దారి ఏది? చెడిన గాలి పోవు దారి ఏది? ఈ రెండు ప్రశ్నలకు లోకమున బుద్ధిమంతులు కనిపెట్టిన సాధనములను, వానిలో మనకు పనికివచ్చువానిని మీ ముందుంచుటయే మా ఉద్దేశము.

విషయమునకు వచ్చుటకు ముందు, మా వలన జరిగిన తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని యేండ్ల క్రిందట వేసవిలో మేము పట్టు రైతుల కొక కరపత్రము వ్రాసితిమి. ఎండలు ముదిరినపుడు షెడ్డు కిటికీలకు గోనెపట్టాలు కట్టి తడుపుచుండవలెననియు, గాలిలో తేమ తగ్గనీయరాదనియు అందు వ్రాసితిమి. వ్రాసినది సత్యమే. కరపత్రము ఊరూర పంచబడినది. శ్రావణ మాసమున వేరొక పనిమీద ఒక గ్రామమునకు పోగా, ఒక తల్లి మమ్ము తన షెడ్డుకు తీసికొనిపోయినది. మూడు దినములుగా ముసురు పట్టియున్నది. కిటికీలన్నిటికి గోనెపట్టాలు, వానిపై ప్లాస్టిక్ పట్టలు కట్టియున్నవి. లోపల అడుగు పెట్టగానే మాకు ఊపిరాడలేదు. పడకలపై పురుగులు సుద్దముక్కలవలె తెల్లబడి బిగిసిపోయియున్నవి. అది సున్నపుకట్టు రోగము. “ఎందుకమ్మా, ఇట్లు మూసితిరి?” అని అడిగితిమి. ఆమె కోపపడలేదు. ఇంటిలోనికి పోయి, మడతపెట్టి దాచిన కరపత్రమును తెచ్చి మా చేతిలో పెట్టినది. “మీ కాగితంలో కట్టమని రాసినారు సార్. యెప్పుడు ఇప్పేయల్లనో రాయలేదే” అనినది.

ఆమె చెప్పినది నిజము. వేసవి మాట వ్రాసి వానకాలపు మాట వ్రాయకుంటిమి. అప్పు తెచ్చి వేసిన పంట ఒక వాక్యము లోపించుటచే పోయినది. గాలిని గూర్చి సగము మాట చెప్పుట, ఏమియు చెప్పకుండుటకన్న కీడు అని ఆ దినమున మాకు తెలిసినది. నేటి ప్రసంగమున రెండవ సగమును కూడ చెప్పెదము.

గాలి చేయు పనులు

కప్పు క్రిందికి వచ్చిన గాలి మూడు పనులు చేయవలెను. మొదటిది, ఊపిరి నిచ్చుట. రెండవది, మనుష్యుల దేహములనుండి, యంత్రములనుండి, పొయ్యిలనుండి, ఎండకు కాగిన రేకులనుండి పుట్టిన వేడిమిని మోసికొని పోవుట. మూడవది, లోపల చేరిన ఆవిరిని, పొగను, దుమ్మును, దుర్గంధమును వెలికి కొనిపోవుట. ఈ మూటిలో ఏది లోపించినను పని చెడును, పనివాడు చెడును.

పట్టుపురుగుల షెడ్డునే చూడుడు. నూరు తల్లి పురుగులు పెట్టిన గుడ్లనుండి సుమారు 40,000 మొదలు 50,000 పురుగులు వెలువడును. అవి జీవితకాలమున తిను ఆకులో నూటికి 80 పాళ్ళకు మించి కడపటి దశ అయిన అయిదవ దశలోనే తినును. లేత మల్బరీ ఆకులో నూటికి 70 పాళ్ళకు పైబడి నీరే. ఆ నీటిలో పెద్ద భాగము ఆకు వాడుటచేతను, పురుగుల ఊపిరిచేతను, పెంట ఆరుటచేతను షెడ్డులోని గాలిలోనే చేరును. మూసిన షెడ్డులో ఆవిరి ఎక్కడికి పోగలదు? పడక తడియగును, బూజు పుట్టును, సున్నపుకట్టు వచ్చును. పురుగులు జ్వరమునకు కూర్చున్నపుడు పడక పొడిగా నుండవలెనను మాట మీరెరిగినదే. చంద్రికలపై గూడు కట్టు దినములలో గాలి ఆడనిచో గూడు కట్టినట్లే కనిపించును గాని, దారము తీయునపుడు మాటిమాటికి తెగును. అట్టి గూళ్ళకు మార్కెట్టులో ధర పడిపోవును. గాలి కిటికీనుండి వచ్చునదే అయినను, దాని విలువ తక్కెడ దగ్గర తెలియును.

పురుగుల వయస్సునుబట్టి అవసరము మారును. చాకీ దశలో 26 మొదలు 28 డిగ్రీల వేడిమి, నూటికి 80 పాళ్ళకు పైబడిన తేమ కావలెను. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలును, 70 పాళ్ళ తేమయు చాలును. గూడు కట్టునపుడు ఇంకను తక్కువ తేమ మేలు. కావున ఒకే షెడ్డులో ఒకే పంట కాలమున గాలిని మూడు విధముల నడుపవలసియున్నది. కట్టుట యెంత ముఖ్యమో విప్పుట అంత ముఖ్యము.

మన పెద్దల గవాచి

ఈ శాస్త్రము మనకు క్రొత్తది కాదు. మన రాయలసీమ మట్టి మిద్దెల నడినెత్తిన గవాచి యుండుట మీరెరుగుదురు. వెలుతురు వచ్చుటకును, పొయ్యి పొగ పోవుటకును పెద్దలు దానిని విడిచిరి. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. పైన దారి యున్నచో వెలికి పోవును. పోయిన గాలి చోటును నింపుటకు తలుపు క్రిందినుండి, గోడ రంధ్రములనుండి చల్లని గాలి లోనికి వచ్చును. పైరంధ్రమునకును క్రింది రంధ్రమునకును ఎత్తులో భేదము ఎంత ఎక్కువయైన, గాలి కదలిక అంత ఎక్కువ. పెద్ద కర్మాగారముల కప్పు కొనపై పొడవున కట్టు ఎత్తు కిటికీలకును, రేకుల షెడ్లపై గిరగిర తిరుగు లోహపు గుండ్లకును మూలసూత్రము ఇదియే.

మనము చేసిన పొరపాటు ఒకటి కలదు. మట్టి మిద్దె పోయి రేకుల షెడ్డు వచ్చినది. గవాచి పోయినది, దాని స్థానమున మరొకటి రాలేదు. మట్టి కప్పు ఎండను తాను త్రాగి లోపలికి రానిచ్చెడిది కాదు. రేకు ఎండను అప్పటికప్పుడే లోపలికి వంపును. కావున రేకు వేసినవాడు పైరంధ్రమును మరువరాదు. కప్పు కొనను పొడవున సందు విడిచి, దానిపై వాన పడకుండ చిన్న గొడుగు కప్పు వేయించి, దోమతెర వంటి వల బిగించినచో, కరెంటు ఖర్చు లేకయే సగము పని నెరవేరును. ఊజీ ఈగ రాకుండుటకు వల తప్పనిసరి. అయితే వలకు దుమ్ము పట్టినచో గాలి ఆగిపోవును. దానిని తరచు దులుపవలెను.

ఊదుట వేరు, పీల్చుట వేరు

మనము ఒక చిన్న పరీక్ష చేయుదము. ఇంటిలో దీపమును ముఖమునకు జానెడు దూరమున నుంచుకొని ఊదుడు. ఆరిపోవును. అదే దూరమున నుంచి నోటితో గాలి పీల్చి ఆర్పుడు. ఆరదు. జ్వాల కదలను కూడ కదలదు. ఊదిన గాలి ఒక బాణమువలె దూరము పోవును. పీల్చు గాలి నాలుగు దిక్కులనుండి వచ్చుటచే, నోటికి కొంచెము దూరమున దాని బలము నశించును. పంకా నోటి వెడల్పునకు ముప్పది రెట్ల దూరము వరకు ఊదిన గాలి జాడ తెలియుననియు, పీల్చు పంకా బలము దాని వెడల్పంత దూరముననే పదియవ పాలునకు పడిపోవుననియు ఇంజనీర్లు చెప్పుదురు.

దీనినుండి రెండు నియమములు ఏర్పడుచున్నవి. దుమ్మును, పొగను, ఆవిరిని పట్టవలసినచో పీల్చు నోరు అవి పుట్టు చోటికి మిక్కిలి దగ్గరగా నుండవలెను. వేరుసెనగ కాయలు కొట్టు యంత్రమునకు పది అడుగుల దూరమున గోడలో పంకా పెట్టి, దుమ్ము పోవుటలేదని చింతించుట వ్యర్థము. అంతలో ఆ దుమ్ము కూలివాని ముక్కు గుండా పోయియేయుండును. రెండవ నియమము, మంచి గాలిని పనివాని దగ్గరకు చేర్చవలసినచో ఊదవలెను. అయితే ఒకే చోటనుండి గట్టిగా ఊదినచో దగ్గరవానికి జలుబు, దూరపువానికి ఉక్క. ఊదిన గాలిని అందరికి సమముగ పంచునట్టి దారి కావలెను. ఆ దారియే నేటి మన ముఖ్య విషయమైన బట్టగొట్టము.

కొలిమి తిత్తినుండి నేటివరకు

గాలిని తోలుసంచిలో పట్టి కావలసిన చోటికి పంపుట మన కమ్మరి ఏనాడో నేర్చినాడు. కొలిమి తిత్తి అదియే. ఐరోపాలో జార్జియస్ అగ్రికోలా యను పండితుడు గనుల తవ్వకమును గూర్చి వ్రాసిన గ్రంథము 1556లో, ఆయన మరణానంతరము, ప్రకటింపబడినది. గనిలోనికి గాలి పంపుటకు తిత్తులను, పంకాలను, చేతితో విసరు బట్టలను సయితము వాడుచుండిరని అందు వర్ణింపబడియున్నది. తెరచాప ఓడల కాలమున నావికులు చాపగుడ్డను పొడుగాటి గొట్టముగ కుట్టి, పైనోరు గాలికి ఎదురుగ త్రిప్పి కట్టి, క్రింది కొనను ఓడ కడుపులోనికి దింపెడివారు. సముద్రపు గాలి ఆ గుడ్డగొట్టము గుండ దిగి, క్రింద మూలుగు మనుష్యులకు ప్రాణము పోసెడిది. బట్టగొట్టమునకు ఇది తొలి రూపమని చెప్పవచ్చును.

1736లో డెసగులియే యను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు పార్లమెంటు కామన్సు సభాభవనమునకు చేతితో త్రిప్పు గాలిచక్రము నమర్చెను. 1741లో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు పెద్ద తిత్తులవంటి యంత్రములను ప్రకటించెను. వానిని ఓడలలోను, ఆసుపత్రులలోను, చెరసాలలలోను, ధాన్యపు కొట్లలోను వాడిరి. కిక్కిరిసిన చీకటి గదులలో మనుష్యులు రోగమున చచ్చుటకు గాలి లేమి ఒక కారణమని అప్పటినుండి లోకము గ్రహింపసాగినది.

మన సమీపముననే రామగిరిలో గత శతాబ్ది తొలి దశకములలో బంగారము కొరకు గనులు త్రవ్విరి. గనిలో ఒకవైపే దారి గల సొరంగమున గాలి తనంతట తాను కదలదు. అట్టి చోట్లకు పంకానుండి మడత పడు బట్టగొట్టమును పొడిగించుకొనుచు పోవుట గనులలో నేటికిని వాడుకలో నున్నది. సొరంగము పెరిగినకొలది గొట్టమునకు మరొక తునక తగిలింతురు. రేకు గొట్టముతో ఇంత సులభముగ సాగదు.

నేత పరిశ్రమ ఈ శాస్త్రమునకు చేసిన ఉపకారమును గూడ ధర్మవరము నేతగాండ్రు తెలిసికొనదగును. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు ఒక అచ్చుయంత్రశాలలో కాగితము తేమకు సాగి రంగులు తప్పుచుండుటను మాన్పుటకు గాలిలోని తేమను అదుపుచేయు యంత్రమును రచించెను. 1906లో స్టూవర్ట్ క్రామర్ అను నూలుమిల్లుల ఇంజనీరు, దారము తెగకుండుటకు గాలికి తగిన తేమ నిచ్చు పనికి ‘ఎయిర్ కండిషనింగ్’ అను పేరు పెట్టెను. నేడు ధనవంతుల గదులలో వినబడు ఆ మాట పుట్టినది నేత పనిలో! పొడిగాలికి పడుగు తెగుట మన నేతగాండ్రకు తెలియనిదా? నేలలో గుంట త్రవ్వి మగ్గము నిలుపుటలో ఆ గుంట చల్లదనము, తడి దారమునకు మేలు చేయునను అనుభవము కూడ కలదు.

ఇక కర్మాగారములలో నేడు వాడు బట్టగొట్టము 1970వ దశకమున డెన్మార్కు దేశమున రూపొందినది. మాంసము మున్నగు ఆహార పదార్థములు సిద్ధపరచు చల్లని గదులలో పనివారి మెడలపై రేకు గొట్టముల నోళ్ళనుండి చల్లగాలి సూదులవలె పడుచుండెను. గాలి తగ్గించినచో సరకు చెడును, పెంచినచో మనిషి చెడును. అప్పుడు గాలిని బట్ట గుండ వడగట్టి మెల్లగా దింపవచ్చునను ఊహ ఆచరణకు వచ్చినది. గాలి అంతయే వచ్చినది, గాలిపోటు మాత్రము పోయినది. పనివాని బాధనుండి పుట్టిన సాధన మిది.

బట్టగొట్టము పనిచేయు విధము

ఇది పాలియెస్టరు దారముతో నేసిన బట్టను గుండ్రముగ కుట్టి, ఒక కొన పంకాకు తగిలించి, రెండవ కొన మూసిన పొడుగాటి సంచి. కప్పు క్రింద తీగపైగాని అల్యూమినియపు పట్టాలపైగాని కొక్కెములతో వ్రేలాడదీయుదురు. పంకా తిరిగినపుడు ఉబ్బి నిండుగొట్టమగును. ఆగినపుడు జారి ముడుచుకొనును. లోపల వలయములు పెట్టి, ముడుచుకొనకుండ చేయు రకములును కలవు.

గాలి వెలికి వచ్చుటకు రెండు దారులు. ఒకటి, బట్ట నేతలోని సందులు. పన్నెతో దట్టముగ కొట్టిన నేతలో గాలి పోదు. పడుగు పేకల నడుమ సన్నని సందున్న నేతలో మెల్లగా ఊరును. ఎంత ఊరవలెనో అంత ఊరునట్లు నేయుటలోనే ఈ సాధనపు నేర్పంతయు కలదు. ఇది నేతగానికి చెప్పవలసిన పని లేదు. రెండవ దారి, గొట్టము పొడవున వరుసగ వేసిన చిల్లులు. మెల్లని గాలి కావలసినచోట ఊరు బట్ట, దూరము పోవలసినచోట చిల్లులు.

ఇచట ఒక వింత కలదు. చెరువు కాలువలో కడపటి మడికి నీరు తక్కువ వచ్చుట మనకు అలవాటైన బాధ. బట్టగొట్టములో తరచు దీనికి విరుద్ధముగ జరుగును. గాలి ముందుకు పోవుకొలది చిల్లుల గుండ కొంత తగ్గును, తగ్గినకొలది దాని వేగము తగ్గును, వేగము తగ్గినచోట ఒత్తిడి పెరుగును. అందుచే కొనయందలి చిల్లులనుండి గాలి గట్టిగా రావచ్చును. గొట్టము మరీ పొడవైనచో లోపలి రాపిడి ఈ లాభమును మ్రింగివేయును. కావున పొడవు, వెడల్పు, చిల్లుల సంఖ్య లెక్కించి వేయవలెను.

రేకు గొట్టముతో పోల్చినచో లాభములు స్పష్టములు. బట్ట తేలిక. జిప్పు విప్పి తీసి ఉతుకవచ్చును. చల్లని గాలి ప్రవహించునపుడు రేకు చెమర్చి సరకుపై నీరు కార్చును, గాలి ఊరు బట్ట చెమర్చదు. నష్టములును చెప్పవలెను. ఎలుకలు కొరుకును. పదునైన అంచు తగిలిన చిరుగును. పొయ్యి దగ్గర నిప్పు భయము కలదు, నిప్పంటని రకపు బట్టనే వాడవలెను. ఇది గాలిని తెచ్చు సాధనమే గాని, దుమ్మును పీల్చు గొట్టముగ పనికిరాదు. పీల్చిన మెత్తని బట్ట ముడుచుకొనిపోవును.

దుమ్ము పట్టుటకు బట్ట మరొక విధముగ ఉపయోగపడుచున్నది. యంత్రము దగ్గరనుండి రేకు గొట్టముతో పీల్చిన దుమ్ముగాలిని బట్టసంచుల గుండ పోనిచ్చినచో దుమ్ము సంచిలో నిలిచి గాలి మాత్రమే వెలికి పోవును. కాయల మిల్లులకు ఇదియే తగిన ఉపాయము.

మన షెడ్డుకొక లెక్క

పొడవు 50 అడుగులు, వెడల్పు 20 అడుగులు, సగటు ఎత్తు 12 అడుగులు గల షెడ్డు నొకదానిని తీసికొందము. లోపలి గాలి 12,000 ఘనపుటడుగులు. నిమిషమునకు 4,000 ఘనపుటడుగులు పంపు పంకా పెట్టినచో మూడు నిమిషములకొకసారి గాలి మారును. గొట్టములో గాలి నిమిషమునకు 1,000 అడుగుల వేగమున పోవుటకు నోటి వైశాల్యము 4 చదరపుటడుగులు కావలెను, అనగా వ్యాసము సుమారు 27 అంగుళములు. గొట్టము పొడవు 45 అడుగులనుకొందము. చిల్లుల మొత్తము వైశాల్యము నోటి వైశాల్యమునకు మిక్కిలి మించరాదు. మించినచో గొట్టము నిండుగ ఉబ్బదు. రెండంగుళముల చిల్లులైన సుమారు 180 చాలును. రెండు వరుసలుగ, ఆరు అంగుళముల కొకటి చొప్పున సరిపోవును. గాలి నేరుగ పురుగులపై పడినచో ఆకు వాడును. గడియారములో 10, 2 అంకెలున్న వైపునకు చిల్లులుండిన, గాలి పైకి పోయి కలిసి మెల్లగా దిగును. పంకా వేగమును తగ్గించు ఏర్పాటు ఉండవలెను. చాకీ పురుగులకు స్వల్ప గాలియే చాలును.

దీనికి పట్టు బట్ట సుమారు 320 చదరపుటడుగులు. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగు బట్టయైన అంతయు కలిసి 9 కిలోలు. అదే కొలత గొట్టమును మామూలు మందపు రేకుతో చేసినచో 140 కిలోలు దాటును. తేలిక దూలములపై నిలిచిన మన షెడ్లకు ఈ భేదము చిన్నది కాదు. పనికి పూనుకొనుటకు ముందు పంకా ఒత్తిడిని, కరెంటు తీగల బలమును తెలిసినవారిచేత పరిశీలింపజేయవలెను.

వేసవిలో పంకా వెనుక తడి మెత్తలు నిలిపి, వాని గుండ గాలి పీల్చినచో చల్లదనము కలుగును. వెలుపల 40 డిగ్రీల ఎండ, తేమ నూటికి 20 పాళ్ళు మాత్రమే యున్న దినమున మంచి మెత్త గాలిని సుమారు 27 డిగ్రీలకు దింపగలదు. సంవత్సరమునకు 55 సెంటీమీటర్ల చేరువ వాన మాత్రమే కురియు మన పొడినేలకు ఈ పద్ధతి అనుకూలము. కాని ముసురు దినమున, తేమ 85 పాళ్ళున్నపుడు, అదే మెత్త రెండు డిగ్రీలైనను తగ్గింపదు. పైగా లోపలికి తడిని తోలును. అప్పుడు నీరు ఆపి, ఉత్త గాలి మాత్రమే పోనీయవలెను. మా కరపత్రములో లోపించిన మాట ఇదియే.

మరువరాని జాగ్రత్తలు

షెడ్డులోని గాలినే మరల పీల్చి గొట్టములో త్రిప్పరాదు. ఒక మూల పడకపై పుట్టిన రోగబీజమును ఆ గొట్టము అన్ని పడకలకు సమముగ పంచును. ఎల్లప్పుడు వెలుపలి గాలినే తీసికొనవలెను. పంట ముగిసిన వెంటనే షెడ్డును శుద్ధి చేయునపుడు గొట్టమును విప్పి, ఉతికి, మందునీట ముంచి ఎండలో ఆరవేయవలెను. ఉతుకుటకు వీలులేని గొట్టము పట్టు రైతుకు శత్రువు. కరెంటు పోయిన వేళ కిటికీలు తెరచుటకు వీలుగ నుండవలెను. గొట్టము వచ్చినదని కిటికీలు పూడ్చరాదు. పురుగుమందు చల్లిన తోట వైపునుండి గాలి తీసికొనరాదు. వెలుపల గాలిని ఏ దిక్కునుండి పీల్చుచున్నామో చూచుకొనవలెను.

పనివాని ముక్కు, యజమాని బాధ్యత

ఇంతవరకు పురుగుల మాట చెప్పితిమి. పురుగు చచ్చిన పంట పోయినదని వెంటనే తెలియును. మనిషి ఊపిరితిత్తులు చెడుట పది సంవత్సరములకు గాని తెలియదు. గూళ్ళు ఉడుకు ఆవిరిలో, పొగలో, పురుగు వాసనలో ఏండ్ల తరబడి పనిచేయువారిలో కొందరికి ఆయాసము, తుమ్ములు, చర్మపు దురద కలుగుటను వైద్యులు గుర్తించియున్నారు. ఆవిరి తొట్టిపై తొడుగు గట్టి, పైకి పొగగొట్టము విడుచుట గొప్ప ఖర్చు కాదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 13వ విభాగమున గాలి, ఉష్ణోగ్రతలను గూర్చియు, 14వ విభాగమున దుమ్ము, పొగలను గూర్చియు, 15వ విభాగమున కృత్రిమముగ తేమ కల్పించుటను గూర్చియు నియమములు విధించెను. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పనిపరిస్థితుల కోడును గాలి, వేడిమి, తేమ, దుమ్ము లేని పరిసరములు అనువానిని యజమాని బాధ్యతలలో చేర్చినది. 2017లో ఒప్పందము జరిగి 2019లో కార్ల తయారీ ప్రారంభించిన పెనుకొండ చెంత ఎర్రమంచి కియా కర్మాగారము సంవత్సరమునకు 3 లక్షల కార్లు చేయగల శక్తితో స్థాపింపబడినది. కార్ల పరిశ్రమలో రంగు వేయు గదులలో వడగట్టిన గాలిని కప్పునుండి నేలకు దింపుట పద్ధతి. రంగుపై ధూళికణము పడరాదను జాగ్రత్త అది. కారు రంగునకు ఇంత జాగ్రత్త అవసరమైనపుడు, కాయల మిల్లులో నిలిచిన కూలి ఊపిరికి ఎంత జాగ్రత్త కావలెనో యజమానులు ఆలోచింపవలెను. చిన్న షెడ్డు నడుపువారికి చట్టము వర్తించినను వర్తింపకున్నను, దగ్గు మాత్రము అందరికి వర్తించును.

మన చేతి పని

ఇంకొక మాట. బట్టగొట్టము చేయుటకు కొలిమి అక్కరలేదు, అచ్చు అక్కరలేదు. కొలత, కత్తెర, కుట్టుయంత్రము కావలెను. ఈ మూడును మన స్త్రీల పొదుపు సంఘములలో కలవు. నేత రహస్యము ధర్మవరమునకు తెలియును. పట్టుపురుగుల అవసరము హిందూపురము దగ్గర కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థకు తెలియును. ఒక గ్రామమున ఒక షెడ్డులో ముందు ప్రయత్నించి, ఒక వేసవి పంట, ఒక వానకాలపు పంట తీసి, లాభనష్టములు వ్రాసికొని, పిదప రెండవ షెడ్డుకు పోవుట వివేకము. మేము చెప్పినామని ఊరంతయు ఒక్కసారి గొట్టములు కట్టుకొనవలదు. మా మాట విని ఒక తల్లి నష్టపడినది చాలును.

ఆ తల్లి సంగతి చెప్పి ముగింతుము. మరుసటి సంవత్సరము కరపత్రమును తిరిగి వ్రాసితిమి. అచ్చుకు పంపకముందు ఆమెకు చదివి వినిపించితిమి. తడి, పొడి ఉష్ణమాపకములను చూచి, తేమ తక్కువైన గోనెపట్టాలు కట్టుడు, ఎక్కువైన విప్పుడు అని అందు వ్రాసియుంటిమి. ఆమె తుదివరకు విని, “యంత్రం లేనోళ్ళు యేం జేయల్ల సార్?” అని అడిగినది. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమెయే చెప్పినది: “తెల్లారి తలుపు తీస్తానే నిలబడి ఊపిరి పీల్చల్ల. మనకు ఆడకపోతే పురుగులకు ఆడుతుందా?”

ఆ మాటను అట్లే కరపత్రమున చేర్చితిమి. రేపు ఉదయము మీ షెడ్డు తలుపు, మీ మిల్లు తలుపు, మీ మగ్గపుటింటి తలుపు తెరచునపుడు ఒక్క క్షణము నిలిచి ఊపిరి పీల్చి చూడుడు. గొట్టము కావలెనా, గవాచి చాలునా, కిటికీ పట్టా విప్పిన సరిపోవునా అనుదానిని ఆ పిమ్మట నిర్ణయింతురుగాక.